పేపరు పోయింది సరే, ఓటెలా వేయాలి?

ప్రశ్న: ఏళ్ల తరబడి నడిచిన మా ఊరి స్థానిక పత్రిక ఈ మధ్యే మూతపడింది. పెద్ద పేపర్లు వస్తూనే ఉన్నాయి గానీ, ఏ ప్రమాదమో మంత్రిగారి పర్యటనో ఉంటే తప్ప వాటిలో మా సంగతులు కనపడవు. కొద్ది నెలల్లో స్థానిక ఎన్నికలు. నిలబడేవాళ్లలో ఇద్దరు ముగ్గురి పేర్లు తెలుసు, వాళ్లు ఏం చేశారో ఏం చేయలేదో తెలియదు. మా అన్నయ్యేమో "అన్నీ ఫోన్‌లో వస్తుంటే పేపరు పోతే ఏమైంది, పార్టీని చూసి వేసేయ్" అంటాడు. నేను పాత అలవాటు వదల్లేక బాధపడుతున్నానా, నిజంగానే ఏదైనా పోయిందా? పోయిందంటారా, మరి ఇప్పుడు ఓటు ఎవరికి వేయాలో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీ అన్నయ్య మాటలో సగం నిజం ఉంది. వార్తలకు కరువేమీ లేదు. ఏ పెద్ద నాయకుడు ఏ పెద్ద నాయకుణ్ణి ఏమన్నాడో పది నిమిషాల్లో మీ ఫోన్‌లోకి వచ్చి పడుతుంది, వద్దన్నా పడుతుంది. కానీ మీ వీధి దీపాల కాంట్రాక్టు ఎవరికి వెళ్లిందో, ఎంతకు వెళ్లిందో, కిందటిసారి పని సరిగా చేయనివాడికే మళ్లీ ఎందుకిచ్చారో మాత్రం రాదు. ఫోన్ మోసుకొచ్చేది ఎవరో ఒకరు వెళ్లి, కూర్చుని, అడిగి, రాసిందాన్నే కదా. ఆ వెళ్లి కూర్చునే మనిషి మీ ఊళ్లో ఇప్పుడు లేడు. పోయింది అదీ.

ఆ మనిషి చేసే పని బయటివాళ్లకు పెద్దగా కనపడదు కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం. స్థానిక కౌన్సిల్ సమావేశం అంటే చాలాచోట్ల ముప్పై నలభై అంశాల అజెండా. అందులో వివాదం లేనివంటూ సగానికి పైగా ఒకే ఊపిరిలో చదివేసి ఆమోదం అనిపించేస్తారు. ఆ గుంపులో ఎక్కడో "పాత కాంట్రాక్టు గడువు మరో ఆరు నెలలు పొడిగింపు" అని ఒక లైను ఉంటుంది. మామూలు మనిషికి అందులో ఏముందనిపిస్తుంది? ఏళ్లుగా ఆ సమావేశాలకు వెళ్తున్న విలేకరికి మాత్రం ఇది మూడో పొడిగింపని గుర్తుంటుంది, మొదటి రెండింటినీ రాసింది తనే గనక. బయటికి రాగానే ఇంజనీరును పట్టుకుని, కొత్త టెండరు ఎందుకు పిలవలేదని అడుగుతాడు. "సాంకేతిక కారణాలు" అంటాడాయన. ఆ మాటను అలాగే కొటేషన్‌లో పెట్టి, మూడుసార్ల తేదీలూ వేసి, సింగిల్ కాలమ్ వార్త రాస్తాడు. నేను డెస్క్‌లో ఉన్నరోజుల్లో ఇలాంటి వార్తలు ఎన్ని దిద్దానో లెక్కలేదు. వాటికి పాఠకులు తక్కువే, ఒప్పుకుంటాను. ఆ తక్కువ మందిలో ఆ ఇంజనీరూ, ఆ కాంట్రాక్టరూ, చైర్మనూ, ఎదుటి పక్షం సభ్యుడూ తప్పకుండా ఉండేవాళ్లు! తర్వాతి సమావేశంలో ఆ సభ్యుడు కటింగ్ చేత్తో పట్టుకుని లేచేవాడు. వార్త రాని నెలల్లో కూడా, ఎక్కడ రాస్తాడో అన్న భయం పనిచేస్తూనే ఉండేది. పేపరు పోయాక అజెండా అలాగే ఉంటుంది, పొడిగింపులూ ఉంటాయి, ఇది మూడోసారి అని గుర్తుపెట్టుకునేవాడే ఉండడు.

అలా గుర్తుపెట్టుకునేవాడు లేకపోతే ఎంతదాకా వెళ్తుందో తెలియాలంటే అమెరికాలోని కాలిఫోర్నియాలో బెల్ అనే చిన్న నగరం సంగతి చూడండి. జనాభా ముప్పై అయిదు వేలు దాటుతుందేమో అంతే, ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లు. లాస్ ఏంజెలెస్ మహానగరం పక్కనే ఉన్నా బెల్ కౌన్సిల్‌లో రోజూ కూర్చునే విలేకరి అంటూ లేడు. 2005లో అక్కడొక ప్రత్యేక ఎన్నిక పెట్టి, నగర పాలన హోదా మార్చేందుకు జనం ఆమోదం అడిగారు. బ్యాలెట్ మీద జీతాల మాటే లేదు. హోదా మారితే మాత్రం కౌన్సిల్ సభ్యుల జీతాలపై రాష్ట్రం పెట్టిన పరిమితి ఎగిరిపోతుంది. అంత పెద్ద నిర్ణయానికి ఓటేసినవాళ్లు 400 మంది కూడా లేరు. 2010 జులైలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేకరులు ఇద్దరు పక్కఊరి గొడవ మీద పనిచేస్తూ ఇటు తిరిగేసరికి తేలిందేమిటంటే, నగర మేనేజరు రాబర్ట్ రిజ్జో జీతం ఏడాదికి దాదాపు 8 లక్షల డాలర్లు. దేశాధ్యక్షుడి జీతం 4 లక్షలు! పార్ట్‌టైమ్ కౌన్సిల్ సభ్యుల్లో చాలామందికి ఒక్కొక్కరికి లక్ష డాలర్లకు దగ్గరగా. జనం కట్టే ఆస్తి పన్నేమో ఆ చుట్టుపక్కల అందరికంటే ఎక్కువలో ఉంది. వార్త వచ్చాక జనం వీధుల్లోకి వచ్చారు, 2011 మార్చిలో కౌన్సిల్‌ను ఓటేసి దించేశారు, రిజ్జోకు 2014లో 12 ఏళ్ల జైలు పడింది, ఆ పత్రికకు అమెరికా పత్రికారంగంలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. అందరూ ఆ పులిట్జర్ గురించే మాట్లాడతారు గానీ నాకు మాత్రం మధ్యలోని ఆ అయిదేళ్లే కళ్ల ముందు మెదులుతాయి. పత్రాలన్నీ ఆఫీసులోనే ఉన్నాయి, ఎవరూ అడగలేదు. పైగా ఆ జనం తెలివితక్కువవాళ్లేం కాదు. చెప్పేవాడు లేకపోతే 2005లో ఆ బ్యాలెట్ కాగితం చూసి అందులో జీతాల సంగతి ఉందని మీరైనా నేనైనా ఎలా కనిపెడతాం?

ఇది అవినీతి కథ. ఓటు సంగతి కొంచెం వేరు, అంత సంచలనంగా ఉండదు, అందుకే ఎవరి కంటా పడదు. అమెరికాలోనే ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటీ నగరంలో సిన్సినాటీ పోస్ట్ అని ఒక పత్రిక 2007 డిసెంబరు 31న ఆగిపోయింది. చిన్న పత్రికే. రోజూ 27 వేల కాపీలు అమ్మేది, అదే ఊళ్లోని పోటీ పేపరు 2 లక్షలు అమ్మేది. కాబట్టి ఇది పోయినా పెద్ద తేడా ఉండకూడదు, అవునా? షుల్‌హోఫర్-వోల్, గరీడో అనే ఇద్దరు పరిశోధకులు ఆ పత్రిక ఎక్కువగా రాసిన, పక్క రాష్ట్రం కెంటకీ వైపున్న శివారు పట్టణాల ఎన్నికలను ముందూ తర్వాతా పోల్చి చూశారు. స్థానిక పదవులకు పోటీ చేసేవాళ్లు తగ్గారు, పదవిలో ఉన్నవాళ్లే మళ్లీ గెలవడం పెరిగింది, ఓటేసేవాళ్లూ తగ్గారు. చూసిన ఊళ్లు తక్కువ కాబట్టి అంకెలను మరీ గట్టిగా పట్టుకోవద్దని వాళ్లే హెచ్చరించారు, అది నిజాయతీ. కానీ ఎందుకలా జరిగి ఉంటుందో మీకూ నాకూ తెలియనిది కాదు. పదవిలో ఉన్నవాడి పేరు శిలాఫలకాల మీద ఉంటుంది, ప్రారంభోత్సవాల్లో వినపడుతుంది, ఫ్లెక్సీల్లో కనపడుతుంది. కొత్తగా నిలబడేవాడికి స్థానిక పేపర్లో వచ్చే ఓ అర పేజీ ఇంటర్వ్యూ తప్ప వేరే దారి ఉండేది కాదు. అది పోయిందంటే, నిలబడదామనుకున్న టీచరో లాయరో "నేనెవరో ఎవరికి తెలుసు, అనవసరంగా చేతి డబ్బులు వదిలించుకోవడం తప్ప" అని ఇంట్లోనే ఆగిపోతారు. ఓటర్లకు తెలియకుండానే బ్యాలెట్ చిన్నదైపోతుంది.

ఇప్పుడు "పార్టీని చూసి వేసేయ్" దగ్గరికి వద్దాం. మీ అన్నయ్య ఒక్కరే కాదు, పేపరు పోయిన చోట చాలామంది చేసేది అదే. డార్, హిట్, డనవే అనే ముగ్గురు పరిశోధకులు అమెరికా ఎన్నికల మీద 2018లో అచ్చేసిన అధ్యయనంలో ఇదే తేలింది: స్థానిక పత్రిక మూతపడిన చోట్ల, పై పదవికి ఒక పార్టీకి, కింది పదవికి ఇంకో పార్టీకి ఓటేసే అలవాటు 1.9 శాతం మేర తగ్గింది. అంకె చిన్నదే అనిపిస్తుంది. గట్టి పోటీ ఉన్న చోట అదే ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఇంకో విషయం, ఆ జనానికి రాజకీయాల మీద ఆసక్తి తగ్గలేదు. దేశ రాజకీయాలు టీవీలో, ఫోన్‌లో పుష్కలంగా దొరికాయి, ఆ కళ్లద్దాలతోనే తమ వార్డును కూడా చూశారు. డ్రైనేజీ ఎందుకు పొంగుతోంది అన్న ప్రశ్నకు జవాబు రాజధానిలో ఎవరు ఎవరితో పొత్తు పెట్టుకున్నారు అన్నదాంట్లో వెతుక్కోవడం మొదలైంది. పైన గాలి ఎటు వీస్తే కింద అటు. బాగా పనిచేసిన కౌన్సిలరు తన పార్టీ పైన చెడిపోయిందని ఓడిపోతాడు, అయిదేళ్లూ నిద్రపోయినవాడు తన పార్టీ గాలి బాగుందని గెలుస్తాడు. ఇద్దరికీ ఒకే పాఠం అందుతుంది: పని చేసినా చేయకపోయినా ఒకటే.

ఈ పాఠం వాళ్లకు నిజంగానే అందుతుంది. స్నైడర్, స్ట్రోమ్‌బెర్గ్ అనే ఆర్థికవేత్తలు అమెరికా ప్రతినిధుల సభ సభ్యుల మీద 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, స్థానిక పత్రికలు తక్కువగా పట్టించుకునే నియోజకవర్గాల్లో ఓటర్లు తమ సభ్యుడి పేరు చెప్పగలగడమే తక్కువ. ఆ సభ్యులు కమిటీల ముందు హాజరై మాట్లాడటం తక్కువ, పార్టీ గీసిన గీత దాటడం తక్కువ, ఆ ప్రాంతానికి కేంద్రం నుంచి వచ్చే నిధులూ తక్కువే. ఎవరూ చూడనప్పుడు ఎవరైనా ఎందుకు కష్టపడతారు చెప్పండి. అప్పులిచ్చేవాళ్ల లెక్క ఇంకా మొహమాటం లేనిది. పత్రిక మూతపడిన ప్రాంతాల్లో స్థానిక సంస్థలు తెచ్చుకునే అప్పు మీద వడ్డీ భారం 0.05 నుంచి 0.11 శాతం దాకా పెరిగిందని ఇంకో పరిశోధన తేల్చింది. అప్పిచ్చేవాడికి పత్రికల మీద ప్రేమేం ఉండదు, కాపలా లేని చోట డబ్బు పెట్టాలంటే కాస్త ఎక్కువ అడుగుతాడంతే. ఆ ఎక్కువ కట్టేది పన్ను కట్టేవాళ్లే, పేపరు చదివినా చదవకపోయినా.

అందుకని మీ బాధ అలవాటు కొద్దీ వచ్చింది కాదు. అలాగని పోయిన పేపరును దేవుణ్ణి చేసి పటం కట్టొద్దు. స్థానిక పత్రికల లోపలి సంగతి కాస్తో కూస్తో చూసినవాణ్ణి. ప్రకటనలిచ్చే ఆసుపత్రి మీద వార్త రాదు, యజమాని బంధువు నిలబడితే ఆయన ఫొటో రోజూ పడుతుంది, జీతం లేని విలేకరి తన ఖర్చులు ఎక్కడ రాబట్టుకుంటాడో అందరికీ తెలుసు. ఎన్నికలప్పుడు డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా అచ్చేసిన పేపర్లూ ఉన్నాయి. ఇన్ని ఉన్నా ఆ మనిషి సమావేశానికి వెళ్లేవాడు, అదొక్కటే తేడా. ఇంకోటి కూడా ఉంది: మంచి స్థానిక పేపరు ఉన్నంత మాత్రాన పనైపోదు. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో నార్త్ షోర్ లీడర్ అనే చిన్న వారపత్రిక 2022 సెప్టెంబరులోనే, అంటే ఎన్నికలకు ముందే, ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్న జార్జ్ శాంటోస్ అనే అభ్యర్థి ఆస్తుల లెక్కలు నమ్మేలా లేవని రాసింది. రెండేళ్ల కిందట చెప్పుకోదగ్గ ఆస్తే లేదన్నవాడు హఠాత్తుగా లక్షల డాలర్లు చూపించాడు మరి. పెద్ద పత్రికలు, టీవీలు ఎవరూ అందుకోలేదు. ఆయన గెలిచాడు. డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఆయన జీవితచరిత్రలో అబద్ధాలను బయటపెట్టాక దేశమంతా గగ్గోలు పెట్టింది, 2023 డిసెంబరు 1న సభ ఆయన్ను బహిష్కరించింది. చిన్న పేపరు అరిచిన అరుపు పెద్ద పేపరు దాకా చేరాలంటే మధ్యలో ఇంకొన్ని పేపర్లు బతికుండాలి, అవి లేవు.

ఎందుకు పోతున్నాయంటారా, దానికి పెద్ద రహస్యమేం లేదు. పేపరు ఖర్చు చందాదారు భరించేవాడు కాదు, ప్రకటనలు భరించేవి. ఇల్లు అద్దెకు, పాత బండి అమ్మకానికి, ఉద్యోగం ఖాళీ అంటూ వచ్చే క్లాసిఫైడ్స్ ఉచిత వెబ్‌సైట్లకు పోయాయి, మిగిలిన ప్రకటనలు గూగుల్, ఫేస్‌బుక్‌లకు పోయాయి. అమెరికా పత్రికల ప్రకటనల ఆదాయం 2005లో 49 బిలియన్ డాలర్లు, 2020 నాటికి 10 బిలియన్ల లోపు. 2005లో అక్కడ 8,891 పత్రికలుంటే 2024 నాటికి 3,200కు పైగా మాయమయ్యాయి. మూతపడని వాటిలో కూడా చాలావరకు పేరు మిగిలింది గానీ లోపల మనుషుల్లేరు: పత్రికల వార్తా విభాగాల్లో 2008లో 71 వేల మంది పనిచేస్తే 2020లో 31 వేల మంది. ఇందులో పాఠకుల పాత్ర కూడా లేకపోలేదు. 2018లో అక్కడ ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వే చేస్తే 71 శాతం మంది తమ స్థానిక వార్తాసంస్థలు ఆర్థికంగా బాగానే ఉన్నాయనుకున్నారు, ఆ ఏడాదిలో స్థానిక వార్తల కోసం రూపాయో డాలరో చెల్లించినవాళ్లు మాత్రం 14 శాతం.

సరే, ఓటు. మీరొక్కరే కూర్చుని విలేకరి పని మొత్తం చేయలేరు, ఆ టెన్షన్ పెట్టుకోవద్దు. విలేకరికి సమయం ఉండేది, వెనక ఎడిటరు ఉండేవాడు, కోర్టు నోటీసొస్తే చూసుకోవడానికి యాజమాన్యం ఉండేది. మీకు అవేమీ లేవు. మీకు కావలసింది ఊరి చరిత్రంతా కాదు, ఒక ఓటుకు సరిపడా సమాచారం. కాబట్టి ఊరి సమస్యలన్నీ మీద వేసుకోకుండా మిమ్మల్ని నిజంగా కష్టపెట్టేవి ఒకటి, మహా అయితే రెండు ఎంచుకోండి. నీళ్లో, చెత్తో, బడో, మీ ఇష్టం. వాటి మీద గత పాలకవర్గం ఏం చేసిందో మాత్రమే వెతకండి. ఇరవై విషయాల్లో తలా కొంచెం తెలిసిన ఓటరును మాటలతో బోల్తా కొట్టించడం తేలిక, ఒక్క విషయం ఆనుపానులతో తెలిసిన ఓటరు ముందు అభ్యర్థి నీళ్లు నములుతాడు.

వెతకడానికి ఎక్కువ చోట్లేం లేవు. సమావేశాల అజెండాలు, మినిట్స్, బడ్జెట్, ఆడిట్ నివేదిక, అభ్యర్థులు ఆస్తులు, కేసులు ప్రకటించాలన్న నిబంధన ఉంటే ఆ పత్రాలు. కొన్ని వెబ్‌సైట్లో ఉంటాయి, లేనివాటికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. (ఇలాంటి చట్టం మొదట తెచ్చింది స్వీడన్, 1766లో. ఇప్పుడు వంద దేశాలకు పైగా ఉన్నాయి, వాడుకునేవాళ్లే తక్కువ.) బడ్జెట్ అనగానే భయపడకండి. చాలా బడ్జెట్లలో పక్కపక్కనే మూడు గళ్లుంటాయి: మొదట వేసిన అంచనా, మధ్యలో సవరించిన అంచనా, నిజంగా ఖర్చయింది. మీరు ఎంచుకున్న పద్దు దగ్గర ఆ మూడూ చూడండి. ఘనంగా ప్రకటించి, మధ్యలో సగం కోసి, చివరికి పావు కూడా ఖర్చు పెట్టలేదంటే ఆ పని ఎవరికీ ముఖ్యం కాదన్నమాట, ఉపన్యాసాల్లో ఏం చెప్పినా సరే. ఆడిట్ నివేదికలో అయితే కొత్త అభ్యంతరాలకంటే "గత నివేదికలో కూడా సూచించడమైనది" అన్న వాక్యం ఎక్కడెక్కడ వస్తుందో వెతకండి. ఏళ్లకేళ్లు అదే తప్పును సరిదిద్దకపోతే అది పొరపాటు కాదని నా ఉద్దేశం. ఈ రెండూ మీ ఫోన్‌లోనే చదవొచ్చు, అన్నయ్యను కూడా కూర్చోబెట్టండి, ఫోన్‌లో అన్నీ వస్తాయన్నారు కదా.

వీలైతే ఒక్క సమావేశానికి వెళ్లండి, చివరిదాకా కూర్చోండి. అసలు విషయాలు చివర్లో, అందరికీ ఆకలేసే వేళకు వస్తాయి. ఎవరు అరుస్తున్నారో పట్టించుకోకండి, ఎవరు కాగితాలు చదివి వచ్చారో చూడండి. ఆ తేడా ఒక్క పూటలో తెలిసిపోతుంది.

అభ్యర్థులు ఇంటికి వస్తారు కదా, అదే మీకు దొరికే ఇంటర్వ్యూ. "అభివృద్ధి చేస్తారా" అని అడిగితే చేస్తామనే అంటారు, చేయమని ఎవరంటారు? తర్వాత సరిచూసుకోవడానికి వీలుండేవే అడగండి. పదవిలో ఉన్నాయన్ను, ఫలానా పొడిగింపు తీర్మానం వచ్చినరోజు మీరు ఎటువైపు చేయెత్తారు అని. కొత్తగా నిలబడ్డాయన్ను, మీరు చెప్తున్న పనికి డబ్బు ఏ పద్దులోంచి తీస్తారు అని. రెండో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన కొత్త అభ్యర్థి దొరికితే ఆ పేరు గుర్తుంచుకోండి, ఆయన ఏ పార్టీ అయినా. "కనుక్కుని చెప్తా" అని వెళ్లి నిజంగానే కనుక్కుని చెప్పినవాళ్లకు నేనైతే ఇంకా ఎక్కువ మార్కులేస్తాను. ఇంత చేశాక కూడా మీ ఓటు మీ పార్టీకే పడితే తప్పేం లేదు, పార్టీ అన్నదీ ఒక సమాచారమే. కాకపోతే అదొక్కటే సమాచారం కాకుండా ఉంటుంది.

వాట్సాప్ గ్రూపుల గురించి. కరెంటు ఎప్పుడొస్తుంది, ఏ రోడ్డు మూశారు లాంటివాటికి అవి పేపరుకంటే మేలు. డబ్బు, పదవి ఉన్న విషయాల్లో మాత్రం, ఎవరు రాశారో పేరు లేని మెసేజ్‌ని పుకారు కిందే జమకట్టండి, మీకు నచ్చిన విషయమైనా సరే, నచ్చినదైతే మరీను. ఊరి పేరు పెట్టుకుని అచ్చం స్థానిక పేపరులాగే కనపడే వెబ్‌సైట్లతో ఇంకా జాగ్రత్త. వెనక నుంచి రాజకీయ వర్గాలు నడిపే ఇలాంటి నకిలీ స్థానిక సైట్లు అమెరికాలో 1,265 ఉన్నాయని వార్తా సైట్లను ఎంతవరకు నమ్మవచ్చో పరిశీలించే న్యూస్‌గార్డ్ సంస్థ 2024లో లెక్కపెట్టింది, అక్కడ మిగిలిన దినపత్రికల సంఖ్యకంటే అది ఎక్కువ. గుర్తుపట్టడం మరీ కష్టమేం కాదు: విలేకరి పేరుండదు, ఆఫీసు చిరునామా ఉండదు, తప్పు రాశామని దిద్దుకున్న దాఖలా ఉండదు, ఒక పక్షం మీద చెడు వార్త ఎన్నడూ ఉండదు.

ఇక మీ ఊళ్లో ఉద్యోగం పోయిన ఆ విలేకరి ఏం చేస్తున్నాడో కనుక్కోండి. చాలామంది ఊరుకోలేరు, ఏ యూట్యూబ్ ఛానలో పెట్టుకుని ఉంటారు. ఆయన ఇంకా సమావేశాలకు వెళ్తుంటే, చందా అడిగితే కట్టండి, అడక్కపోతే మీరే అడగండి. పది కుటుంబాలు కలిస్తే ఆయన దారి ఖర్చులైనా వస్తాయి. బ్రిటన్‌లో 2018 నుంచి బీబీసీకి జనం కట్టే లైసెన్సు ఫీజు డబ్బుతో స్థానిక వార్తాసంస్థల్లో విలేకరులను పెట్టి జీతాలిస్తున్నారు, కౌన్సిళ్ల మీద రాయడమే వాళ్ల పని. మొదట్లో 150 మంది, తర్వాత 165. ఒక దేశానికి అది చాలదు గానీ చేయాలనుకుంటే చేయొచ్చని తెలుస్తుంది. ఇంకో ప్రయోగం నాకు బాగా నచ్చింది. కాలిఫోర్నియాలోనే పామ్ స్ప్రింగ్స్‌లో డెజర్ట్ సన్ అనే పత్రిక 2019 జులైలో నెల రోజులపాటు సంపాదకీయ పేజీలో దేశ రాజకీయాలు పూర్తిగా ఆపేసి ఊరి విషయాలే వేసింది. అలా ఆపని ఇంకో ఊరి పత్రిక పాఠకులతో పోలిస్తే ఇక్కడి పాఠకుల్లో పార్టీల మధ్య దూరం పెరగడం నెమ్మదించింది. మీ గ్రూపులో ఎన్నికలయ్యేదాకా ఇలాంటి నియమం పెట్టి చూడండి, ఇద్దరు ముగ్గురు అలిగి వెళ్లిపోతారేమో, పోనివ్వండి.

మీరు తెలుసుకున్నది నలుగురికీ పంపాలనిపిస్తే అర పేజీ మించకుండా, పత్రంలో ఉన్నదే, పేజీ నంబరుతో సహా రాయండి. "తినేశారు" అని రాయొద్దు, "ఇంత కేటాయించి ఇంత ఖర్చు చేశారు" అని రాయండి. చదివినవాళ్లు ఆ మాట వాళ్లే అనుకుంటారు, మీ మీద కేసూ ఉండదు. అవతలి అభ్యర్థికీ అవే ప్రశ్నలు పంపి, జవాబు వస్తే జవాబు, రాకపోతే ఫలానా తేదీన అడిగాం, రాలేదు అని పెట్టండి.

కొద్ది నెలలే ఉన్నాయన్నారు గనక, అన్నిటికంటే ముందు గత రెండు మూడేళ్ల ఆడిట్ నివేదికల కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టేయండి. అడిగిన కాగితం చేతికి రావడానికి వారాలు పడుతుంది, మొదటిసారి సగమే ఇస్తారు, మళ్లీ అప్పీలుకు వెళ్లాలి. అభ్యర్థులతో మాట్లాడటం నామినేషన్లు అయ్యాక చూసుకోవచ్చు.